జయ్యిద్ జిద్దన్: సౌదీలో వైద్యశాస్త్ర డాక్టరేటు గడప

సౌదీ విశ్వవిద్యాలయాల్లో ఫార్మకాలజీ, అనాటమీ, మైక్రోబయాలజీ లాంటి వైద్యశాస్త్రాల్లో పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన అరబిక్ మాట ‘జయ్యిద్ జిద్దన్’. ‘చాలా బాగు’ అని అర్థం. ఐదు పాయింట్ల కొలమానంలో 3.75 నుంచి 4.5 లోపు తెచ్చుకున్నవాళ్ల మార్కుల పత్రం మీద ఈ మాట ఉంటుంది.

ఒకప్పుడు అక్కడ ఇలాంటి కొలతలతో పని లేదు, ఎందుకంటే చేరడానికి విశ్వవిద్యాలయమే లేదు. రియాద్‌లో మొదటిది 1957లో వచ్చింది. 1959లో అందులో ఫార్మసీ కళాశాల పెట్టారు. వైద్య కళాశాలకు 1967లో అనుమతి వచ్చింది, లండన్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో 1969లో పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో డాక్టరేటు కావాలంటే ఊరు, దేశం విడిచి వెళ్లాల్సిందే. అసలైన అర్హత అదే.

సౌదీ శాస్త్రవేత్త సమీరా ఇస్లాం అలా వెళ్లిన మనిషే. సౌదీలో ఆడపిల్లలకు ప్రభుత్వ బడులు 1960లో గానీ తెరుచుకోలేదు. ఆమె చదువు ఈజిప్టులో సాగింది. 1970లో అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయం నుంచి ఔషధశాస్త్రంలో పీహెచ్‌డీ అందుకున్నారు. తర్వాత జెద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు, అక్కడ ఆడపిల్లల చదువుకు బాటలు వేశారు. సౌదీల ఒంట్లో మందులు ఎలా అరుగుతాయో పరిశోధించారు. ఎక్కడో పాశ్చాత్యుల మీద తేల్చిన మోతాదు సౌదీ రోగికి సరిపోతుందా అన్నది ఆమె ప్రశ్న. స్వదేశంలో డాక్టరేట్లు ఎందుకు కావాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ఆసుపత్రి వైద్యుల దారి వేరు. స్పెషలిస్టు కావాలనుకున్నవాళ్లకు 1978లో అరబ్ బోర్డు, 1992లో సౌదీ హెల్త్ స్పెషాలిటీస్ కమిషన్ వచ్చాయి. మన దగ్గర ఎం.డి., పీహెచ్‌డీ వేరైనట్టే ఇదీ.

పరిశోధన వైపు గడపను గట్టిగా కట్టింది హిజ్రీ 1417లో, అంటే 1996-97లో, ఉన్నత విద్యామండలి తెచ్చిన ఉమ్మడి నియమావళి. దాని ప్రకారం మాస్టర్స్‌లో కనీసం జయ్యిద్ జిద్దన్ ఉండాల్సి వచ్చేది. చదువు చెప్పిన ఇద్దరు ఆచార్యుల సిఫారసు లేఖలు, సత్ప్రవర్తన, ఆరోగ్యం, ఉద్యోగి అయితే యజమాని అనుమతి కావాల్సి ఉండేది. డాక్టరేటుకు పూర్తికాలం చదువుకే కేటాయించాలన్నది మూలసూత్రం. గడువు ఆరు సెమిస్టర్లకు తగ్గకూడదు, పదికి మించకూడదు అన్నారు. ఈ నియమాలన్నిటికీ ముందున్నది మరొకటి: అభ్యర్థి సౌదీ పౌరుడై ఉండాలి, విదేశీయుడైతే అధికారిక స్కాలర్‌షిప్ మీద వచ్చి ఉండాలి అన్నది.

ఆ తర్వాత ఖియాస్ అనే జాతీయ పరీక్షల కేంద్రం నడిపే సామర్థ్య పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష, విభాగాల ఇంటర్వ్యూలు తోడయ్యాయి. 2005లో కేవలం ఆరోగ్యశాస్త్రాల కోసం ఒక విశ్వవిద్యాలయం పుట్టింది. అదే ఏడాది కింగ్ అబ్దుల్లా స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. వేలాది మంది విదేశాలకు వెళ్లారు, కానీ అమ్మాయి వెంట దగ్గరి బంధువైన మగవాడు, మహ్రమ్, ఉండాలన్నారు. తెలివికి పెట్టిన పరీక్ష కాదది, ఆడపిల్ల దారికి అడ్డుగా పెట్టిన కంచె. 2019 ఆగస్టులో 21 ఏళ్లు నిండిన స్త్రీలకు సంరక్షకుడి సంతకం లేకుండా పాస్‌పోర్టు తీసుకునే, ప్రయాణించే హక్కు వచ్చింది. అదే ఏడాది వచ్చిన కొత్త విశ్వవిద్యాలయాల చట్టం విద్యాసంస్థలకు స్వేచ్ఛ పెంచింది.

మనవాళ్ల విషయానికొస్తే, సౌదీ ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో, మందుల కౌంటర్ల దగ్గర తెలుగువాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఉద్యోగపు ఇఖామా (నివాస అనుమతి) చేతిలో ఉన్నంత మాత్రాన ఆ నియమావళి కింద అక్కడి డాక్టరేటు సీటు దక్కేది కాదు. పౌరసత్వం, పూర్తికాలపు చదువు అన్న రెండు నియమాలు అడ్డొచ్చేవి. రోగి ప్రాణం కాపాడే చేతులకు పరిశోధన తలుపు మూసి ఉంచడం అన్యాయమనే నా అభిప్రాయం. ఇప్పుడు ‘స్టడీ ఇన్ సౌదీ’ పేరుతో విదేశీ విద్యార్థులు దరఖాస్తు చేసుకునే వేదిక ఉంది. వెళ్లాలనుకునే ఎం.ఫార్మసీ, ఎం.ఎస్సీ. విద్యార్థులు ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టకండి. మీరు చేరబోయే విశ్వవిద్యాలయం ఈ ఏడాది ప్రకటించిన నియమాలను మీరే చదవండి, మీ మార్కులు వాళ్ల కొలమానంలో జయ్యిద్ జిద్దన్ అవుతాయో లేదో వాళ్ల చేతే ముందుగా రాయించుకుని తెలుసుకోండి.