ఉపగ్రహం చెప్పని దూరం

1990ల తొలి అర్ధభాగంలో అమెరికా విమానయాన శాఖ ఒక వెసులుబాటు ఇచ్చింది. నేలమీది రేడియో బీకన్ల ఆధారంగా గీసిన పాత దిగుడు మార్గాలనే జీపీఎస్‌తోనూ అనుసరించవచ్చంది. ఆ తర్వాత ఉపగ్రహాల కోసమే కొత్త మార్గాలు వచ్చాయి. రన్‌వే పక్కన ఖరీదైన పరికరాలు అక్కర్లేదు కనుక మారుమూల ఊళ్లకు, ముఖ్యంగా ఆస్ట్రేలియా లాంటి విశాల దేశానికి, ఇది నిజమైన వరమే.

లోపం కాక్‌పిట్‌లో బయటపడింది. నేలమీది స్టేషన్ సాయంతో దూరం చెప్పే పాత డీఎంఈ పద్ధతిలో కొలత ఒకే స్టేషన్ నుంచి ఉంటుంది. దగ్గరవుతున్నకొద్దీ అంకె తగ్గుతూ వస్తుంది. జీపీఎస్ రిసీవర్ మాత్రం మార్గాన్ని అంచెలుగా విభజించే బిందువుల్లో, అంటే వేపాయింట్లలో, తర్వాతిదానికి ఉన్న దూరాన్నే చూపేది. అది దాటగానే లెక్క మళ్లీ మొదలు. చివరి అంచె 5 నాటికల్ మైళ్లు అనుకుందాం. తెరమీద 4 కనిపిస్తే రన్‌వే 4 మైళ్లలో ఉండవచ్చు, 9 మైళ్లలోనూ ఉండవచ్చు. మూడు డిగ్రీల వాలులో మైలుకు సుమారు 318 అడుగులు దిగాలి. అంటే ఒక్క అంచె పొరబడితే విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు 1,600 అడుగుల కింద ఉంటుంది. మబ్బులో, కొండల మధ్య, ఆ తేడా ప్రాణాంతకం.

పేర్లు కూడా సాయపడలేదు. ఆస్ట్రేలియా పద్ధతిలో ఒక మార్గంలోని వేపాయింట్లకు మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే. ఐ, ఎఫ్, ఎమ్ అంటూ చివరి అక్షరం ఒక్కటే మారుతుంది. కుదుపుల్లో ఆ ఒక్క అక్షరాన్ని చూసి ఎక్కడున్నామో తేల్చుకోవాలి.

2005 మే 7న క్వీన్స్‌లాండ్‌లోని లాక్‌హార్ట్ రివర్‌కు ఇలాంటి మార్గంలోనే దిగుతున్న మెట్రో 23 విమానం కొండను ఢీకొంది. అందులోని 15 మందీ చనిపోయారు. కో-పైలట్‌కు ఈ తరహా దిగుడులో అర్హత లేదు. కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ పనిచేయకపోవడంతో ఆ చివరి నిమిషాల్లో వాళ్లేమనుకున్నారో తెలిసే దారి లేకుండా పోయింది. దర్యాప్తు నివేదిక విమాన సిబ్బంది, విమాన సంస్థ, నియంత్రణ వ్యవస్థల వైఫల్యాలను ఎత్తిచూపింది. మార్గం రూపకల్పనను, ఛార్టును కూడా విడిగా పరిశీలించింది. తప్పంతా డిజైన్‌దేననడం అన్యాయం. కానీ అలసిన మనిషి చేత మనసులో కూడికలు చేయించే డిజైన్‌ను నిర్దోషి అనలేం.

జీపీఎస్ దిగుడు ఎంత శ్రమో ఆస్ట్రేలియా రవాణా భద్రతా బ్యూరో పైలట్లనే అడిగింది. 2006లో వెలువడిన ఆ అధ్యయనంలో, చిన్న, నెమ్మదైన విమానాలు నడిపేవారు నేలమీది రేడియో బీకన్‌పై ఆధారపడే ఒక్క ఎన్‌డీబీ పద్ధతిని మినహాయిస్తే మిగతా వాటన్నిటికన్నా జీపీఎస్ దిగుడునే ఎక్కువ శ్రమగా భావించారని తేలింది. రన్‌వే దాకా దూరం చూపకపోవడం, ఒకేలాంటి పేర్లు, ఎగుడుదిగుడు అంచెలు: వాళ్ల ఫిర్యాదులివి.

ఈ మార్గాల్లో అసలు కొరత నిలువు మార్గదర్శకత్వమే, అంటే విమానం ఎంత ఎత్తులో ఉండాలో నిరంతరం చూపే సంకేతం. 2003లో జీపీఎస్ సంకేతాలను సవరించే అమెరికా వాస్ వ్యవస్థ దాన్ని చిన్న రన్‌వేలకు చేర్చడం మొదలుపెట్టింది. అలాంటిదే అయిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల సౌత్‌పాన్ వ్యవస్థ తొలి సేవలు 2022 సెప్టెంబర్‌లో గానీ రాలేదు. అప్పటికి లాక్‌హార్ట్ రివర్ ప్రమాదం జరిగి 17 ఏళ్లు.