చీరాల-పేరాల కథ, మా వీధి సంఘం

ప్రతి ఏడూ మన బడి పత్రికకు చరిత్ర వ్యాసం రాయమంటే చాలామందిమి విదురాశ్వత్థం గురించే రాస్తాం. 1938 ఏప్రిల్ 25న మన జిల్లాలోని గౌరిబిదనూరు తాలూకాలో, జెండా కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ కథ అది. ఎన్నిసార్లు రాసినా తక్కువే. ఈసారి నేను ఇంకో ఊరి కథ రాస్తున్నాను. ఆ ఊరు చీరాల. మనకు చాలా దూరం, ఆంధ్రాలో సముద్రం దగ్గర ఉంది. ఆ ఊరి కథ నాకెందుకు కావలసి వచ్చిందో చెప్పాలంటే ముందు మా తాత సంచి గురించి చెప్పాలి.

మాది చింతామణిలో ఒక వీధి. నలభై ఇళ్ళకు పైగా ఉన్నాయి. మా వీధికి ఒక సంఘం ఉంది. ఏడుగురు కలిస్తే చాలు, 1960 నాటి కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఒక సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. మా తాతా, ఇంకో ఆరుగురూ కలిసి నేను పుట్టకముందే ఆ పని చేసినారు. కాగితం మీద అధ్యక్షుడు వేరే, ఖజానా చూసేవాళ్ళు వేరే. నిజానికి అన్నీ మా తాతే. ఆయన దగ్గర ఒక ఖాకీ సంచి ఉండేది. అందులో చందా రసీదు పుస్తకం, నీళ్ళ వాల్వు తిప్పే ఇనుప కీ, ట్యాంకరు వాళ్ళ ఫోన్ నంబర్లు రాసిన చీటీ, నగరసభకు ఇచ్చిన అర్జీల నకళ్ళు, ఒక టార్చి లైటు. ఎవరింటి ముందు దీపం ఆరిపోయినా, మోరీ నిండినా, "తాత ఉండాడా?" అని మా ఇంటికే వచ్చేవాళ్ళు.

మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటి లోపలికి పోతున్నాయి. కాబట్టి మా వీధిలో సంఘం అంటే ముఖ్యంగా నీళ్ళే. నీళ్ళు ఎప్పుడు వస్తాయి, ఏ వాల్వు ముందు తిప్పాలి, కింది ఇళ్ళకు ఎంతసేపు, పై ఇళ్ళకు ఎంతసేపు అనే లెక్కంతా తాత తలలోనే ఉండేది.

పోయిన వేసవిలో తాత మెట్ల మీద జారి పడినాడు. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీదే. అప్పుడు తెలిసింది మాకు, సంఘం కూడా మంచం పట్టిందని. మొదటి వారం అందరూ పరామర్శకు వచ్చినారు. రెండో వారం నీళ్ళ గురించి అడగడానికి వచ్చినారు. మూడో వారం గొడవ మొదలైంది. వాల్వు కీ ఎవరో తీసుకుపోయి ఇంకెవరికో ఇచ్చినారు. ట్యాంకరు వచ్చింది, డబ్బు ఎవరు కట్టాలో తెలియక వెనక్కి పోయింది. చందా కట్టినామని కొందరు, కట్టలేదని కొందరు.

ఒక సాయంత్రం ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడినాము. "బాడుగ ఇళ్ళోళ్ళు సంఘంలో లేరు కదా, వాళ్ళు వెనక పట్టుకోనీ" అని ఎవరో అన్నారు. నా ముందు నా తరగతి అమ్మాయి బిందెతో నిలబడి ఉంది. వాళ్ళది బాడుగ ఇల్లు. నేను కూడా, "మీరు వెనక నిలబడాలంట" అన్నాను. తను ఏమీ అనకుండా బిందె తీసుకుని వెనక్కి పోయింది. ఆమె వంతు వచ్చేసరికి ట్యాంకరు అయిపోయింది. ఈ మాట ఈ పత్రికలో రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఇది రాయకపోతే తక్కిన వ్యాసం రాయడం సరికాదు అనిపించింది.

ఆ రోజుల్లోనే మా సోషల్ సార్ సహాయ నిరాకరణ ఉద్యమం పాఠం చెబుతూ చీరాల-పేరాల పేరు ఎత్తినారు. "ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి బయట పాకల్లో ఉండినారు, పదకొండు నెలలు" అన్నారు. నాకు వెంటనే ఒక ప్రశ్న వచ్చింది. నలభై ఇళ్ళవాళ్ళం ఒక ట్యాంకరు పంచుకోలేకపోయినాము. వేలమంది అన్ని నెలలు ఎట్లా కలిసి బతికినారు? సార్‌ను అడిగితే ఒక పుస్తకం ఇచ్చి, "నువ్వే చదివి రాయి" అన్నారు.

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్ళు. అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేవి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. నేతపనికి పేరున్న చోటు. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం వాటిని మున్సిపాలిటీగా మార్చాలని నిర్ణయించింది. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను, మున్సిపాలిటీ అయితే దాదాపు 40,000 అవుతుందని లెక్క. మగ్గం మీద, కూలి మీద బతికేవాళ్ళకు అది మోయలేని బరువు. మాకు మున్సిపాలిటీ వద్దని అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు. పన్ను కట్టమన్నారు. కట్టనివాళ్ళను జైలుకు పంపినారు. అలా జైలుకు పోయినవాళ్ళలో ఒక మహిళ కూడా ఉన్నారు.

వాళ్ళకు నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టినారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినారు. జనం ఆయనను ఆంధ్రరత్న అని పిలుచుకున్నారు. ఆయన 'రామదండు' అని ఒక స్వచ్ఛంద సేవాదళాన్ని తయారు చేసినారు. జీతం లేదు, అధికారం లేదు. సభల్లో జనాన్ని అదుపులో ఉంచడం, కబురు చేరవేయడం, అవసరం ఉన్నచోట నిలబడడం వాళ్ళ పని. 1921లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు అంత జనాన్ని సంబాళించడంలో రామదండు సాయపడింది.

ఆ సమావేశం అయినాక ఏప్రిల్ మొదట్లో గాంధీజీ చీరాల వచ్చినారు. ఆయన రెండు దారులు చెప్పినారు. ఊళ్ళోనే ఉండి, హింస లేకుండా, పన్ను కట్టకుండా ఎంత కష్టం వచ్చినా ఓర్చుకోవడం ఒకటి. మున్సిపాలిటీ హద్దు దాటి బయటికి పోయి బతకడం రెండోది. ఊరే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి కోసం? చీరాల, పేరాల ప్రజలు రెండో దారి పట్టినారు. 15 వేల చిల్లర జనాభాలో 13 వేలమందికి పైగా ఇళ్ళు వదిలిపెట్టి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడి నుంచే నాకు కావలసిన కథ మొదలైంది. పాకలు వేసుకోవడం ఒక ఎత్తు, అందులో కలిసి బతకడం ఇంకో ఎత్తు. అది వేసవి. తరువాత వానలు. అన్ని వేలమందికి నీళ్ళు కావాలి, దీపం కావాలి, రాత్రి కాపలా కావాలి, తగాదా వస్తే తీర్చేవాళ్ళు కావాలి. సర్కారును వద్దనుకుని వచ్చినవాళ్ళు మళ్ళీ సర్కారు కోర్టుకు పోలేరు కదా! అందుకే రామ్‌నగర్‌లో వేరువేరు కులాల నుంచి ప్రతినిధులను ఎన్నుకుని సొంత పంచాయితీ పెట్టుకున్నారు. తగాదాలు వాళ్ళే తీర్చుకున్నారు. అట్లా పదకొండు నెలలు ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు ట్యాంకరు వరుస గుర్తొచ్చింది. రామ్‌నగర్‌లో ఎవరికీ సొంత ఇల్లు లేదు. అందరివీ పాకలే. వాళ్ళు "నీది సొంతమా, బాడుగా?" అని అడిగి ఉంటే ఆ ఊరు పదకొండు రోజులు కూడా నిలిచేది కాదు అనిపించింది.

కానీ కథ అంతటితో అయిపోలేదు. అదే 1921లో గోపాలకృష్ణయ్యగారు బరంపురం పోయినారు. సభలో మాట్లాడకూడదన్న ఉత్తర్వును కాదని మాట్లాడినందుకు ఆయనకు ఏడాది జైలు వేసి తిరుచిరాపల్లి పంపినారు. నాయకుడు లేడు, చేతిలో డబ్బు లేదు, పాకల్లో కష్టం పెరిగింది. చివరికి 1922లో జనం తిరిగి ఇళ్ళకు వచ్చేసినారు. మున్సిపాలిటీ మాత్రం రద్దు కాలేదు. ఆయన 1928లో, నలభై ఏళ్ళు కూడా నిండకుండానే చనిపోయినారు.

పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. వాళ్ళు ఓడిపోయినారని నేను అనుకోను. పదకొండు నెలలు అంటే చిన్న మాట కాదు. కానీ అంత పెద్ద నాయకుడు జైలుకు పోతే ఊరికి ఎంత కష్టమైందో, మా తాత మంచం పడితే మా వీధికీ, చిన్న కొలతలో, అదే అయింది. మంచి మనిషి ఒక్కడే అంతా మోస్తే చూసేవాళ్ళకు బాగుంటుంది. ఆయన పడిపోయిన రోజు ఎవరి చేతా కాదు.

ఇదే మాట మా అవ్వతో అన్నాను. అవ్వది బాగేపల్లి దగ్గర పల్లె. "మా ఊర్లో చెరువుకు నీరుగంటి ఉండేవాడు" అని మొదలుపెట్టింది. తూము తెరిచేదీ మూసేదీ ఆయనే. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు అనేది ఊరందరికీ తెలిసిన లెక్క. ఆయన పనికి పంటలో భాగం కొలిచి ఇచ్చేవాళ్ళు. పూడిక తీసేటప్పుడు ఇంటికొక మనిషి పోవాలి.

"నీరుగంటికి జరమొస్తే?" అని అడిగినాను.

"వాళ్ళ తమ్ముడు పోతాడు, లేకుంటే కొడుకు. నీళ్ళ లెక్క ఒకడి కడుపులో ఉండేది కాదు పాపా, ఊరి నోట్లో ఉండేది" అనింది. కొంచెం ఆగి ఇంకో మాట కూడా చెప్పింది. "అట్లని అంతా బాగుండేదని రాయొద్దు. నీరుగంటోళ్ళు మాదిగోళ్ళు. నీళ్ళు పంచే పని వాళ్ళది, పంచాయితీలో మాట పెద్ద ఇళ్ళోళ్ళది."

అవ్వ చెప్పిన రెండు మాటలూ నేను తాతకు చెప్పినాను. తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆ సంచి ఇట్లా తే" అన్నాడు. ఒక్కొక్కటీ బయటికి తీసి మంచం మీద పెట్టినాడు. "అందరినీ పిలువు. బాడుగోళ్ళను కూడా."

ఆ ఆదివారం మా ఇంటి ముందు దీపం కింద కూర్చున్నారు. అందరూ రాలేదు. వచ్చినవాళ్ళలోనూ ఇద్దరు లేచి పోయినారు. బాడుగ ఇళ్ళవాళ్ళు ఈ రోజు ఉంటారు, రేపు పోతారు, వాళ్ళకెట్లా బాధ్యత ఇస్తామని వాళ్ళ వాదన. అప్పుడు తాత ఒక ప్రశ్న వేసినాడు. "నేను పడినాక ఈ వీధిలో వాల్వు ఏ పొద్దు ఎంతసేపు తిప్పాలో సరిగ్గా తెలిసినవాళ్ళు ఎవురున్నారు?" ఎవరూ మాట్లాడలేదు. వెనక నుంచి కుట్టుమిషన్ అక్క మెల్లగా చెప్పింది. ఆమె ఇల్లు వాల్వు పక్కనే. రోజూ గుడ్డలు కుడుతూ తాత చేసేది చూసి చూసి నేర్చుకుంది. ఆమెది బాడుగ ఇల్లే.

ఇప్పుడు కీ ఆమె దగ్గర ఉంది. ఆమె ఊరికి పోతే ఎవరికివ్వాలో ఇంకో ఇంటి పేరు రాసి పెట్టినారు. రసీదు పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర. చందా కట్టలేనివాళ్ళు మోరీ శుభ్రం చేసే రోజు ఒక మనిషిని పంపితే చాలు. నీళ్ళ వంతులు ఇంటి వరుసలో, సొంతమా బాడుగా అని చూడకుండా. ప్రతి నెలా లెక్క రాసి గోడకు అంటించే పని నాది. తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి రాస్తాను. మొదటి నెల కూడిక తప్పు చేసినాను. నలుగురు వచ్చి చెప్పినారు. తాత సంతోషపడినాడు. ఆయన చేసినన్ని ఏళ్ళలో లెక్క చూసినవాళ్ళే లేరంట.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నీళ్ళు ఇప్పటికీ వారానికి ఒకసారే. లేచి పోయిన ఇద్దరిలో ఒకరు ఇంకా చందా ఇవ్వలేదు. నా తరగతి అమ్మాయికి క్షమాపణ చెప్పినాను. "ఆ రోజు ఇంట్లో తాగడానికి కూడా నీళ్ళు లేకుండె" అని మాత్రం అనింది. ఇప్పుడు కన్నడ లెక్క తనే రాస్తుంది. తన అక్షరాలు నా వాటికంటే గుండ్రంగా ఉంటాయి.

మన రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణ, 3 లక్షలు, ఆ పైన జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలు ఉండాలని చెబుతుంది. 2011 లెక్కల ప్రకారం చింతామణిలో దాదాపు 76 వేలమందే. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి ఇంకా చిన్నవి. కాబట్టి మనలాంటి ఊళ్ళలో వీధి పని వీధివాళ్ళే చూసుకోవలసిన రోజులు చాలా ఉంటాయి.

మిత్రులారా, చరిత్ర అంటే పెద్దవాళ్ళ పేర్లు, తేదీలు అని నేను కూడా అనుకున్నాను. చీరాలలో జైలుకు పోయిన నాయకుడి పేరు పుస్తకంలో ఉంది. రామ్‌నగర్‌లో రోజూ నీళ్ళు మోసినవాళ్ళ పేర్లు నాకు ఎక్కడా కనబడలేదు. మీరు ఈ వ్యాసం చదివినాక ఒక పని చేయండి. మీ వీధిలో వాల్వు కీ ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. రేపు వాళ్ళకు జరమొస్తే అది ఎవరి చేతికి పోతుందో కూడా అడగండి. జవాబు లేకపోతే, ఆదివారం పది ఇళ్ళవాళ్ళను పిలిచి కూర్చోబెట్టండి. బాడుగ ఇళ్ళవాళ్ళను మరవకండి.