దత్తమండలములకు విద్యాపీఠము వచ్చిన త్రోవ



మన పూర్వుల చరిత్రమును, గోత్రనామములను వివరింపగల పండితులు ఈ సంచికయందే గలరు. నేను వ్రాయబూనినది మన బిడ్డలు పట్టపరీక్షలకై నడచిన త్రోవను గూర్చి.

డోను, అనగా మన ద్రోణాచలము, రైలు కూడలి. గుంతకల్లునకు, నంద్యాలకు, కర్నూలునకు ఇచటినుండి పట్టాలు చీలిపోవును. ఈ ప్రాంతపు గనులలోని మెత్తని రాతిని కోసి బలపములు చేయుట మనవారికి తెలిసిన పనియే. అక్షరాభ్యాసమునకు బలపము నిచ్చిన ఈ సీమకు పట్టమీయగల విద్యాపీఠము మాత్రము చిరకాలము దూరముననే యుండెను.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినపుడు దాని స్థానము మొదట బెజవాడ. పిదప స్థానమును గూర్చి పెద్ద వివాదము పుట్టెను. 1916 నుండియు కళాశాల గల అనంతపురమును దత్తమండలములవారు కోరిరి. తుదకు విశాఖపట్టణము స్థిరమయ్యెను. మన కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయము క్రిందనే నిలిచెను. ఈ మనస్తాపము చల్లారకమునుపే, 1928 నవంబరులో నంద్యాల సభయందు ఈ మండలములకు రాయలసీమ యను పేరు వచ్చెను. 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున కుదిరిన ఒడంబడికలో, నీటిపారుదలతోపాటు అనంతపురమున విద్యాకేంద్రమును గూడ పేర్కొనిరి. చదువును నీటి సరసన నిలిపిన ఆ పెద్దల దూరదృష్టి మెచ్చదగినది.

ఆ దినములలోనే మదరాసు ప్రభుత్వపు కమ్యూనల్ జి.ఓ. అమలులో నుండెను. దాని తుదిరూపమున కళాశాలలలో ప్రతి 14 స్థానములలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి 1, ముస్లిములకు 1 చొప్పున పంచెడివారు. చంపకం దొరైరాజన్ వ్యాజ్యెములో 1951లో సుప్రీముకోర్టు దీనిని కొట్టివేసెను. అదే సంవత్సరమున రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక సదుపాయము మరల సాధ్యమయ్యెను. ఆ జి.ఓ. పలువురకు మేలుచేసినదనుటలో నాకు సందేహము లేదు. కాని అది లెక్కించినది కులమును.  

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చెను. రాజధాని కర్నూలునకు దక్కెను; 1954లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వ కాలమున శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము తిరుపతికి దక్కెను. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను, విద్యాపీఠము నిలిచెను. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆ విద్యాపీఠ పరిధిలోని విద్యార్థులకు నూటికి 85 స్థానములు లభించి, దూరము లెక్కలోనికి వచ్చెను. అనంతపురమున 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, కర్నూలున 1977లో స్నాతకోత్తర కేంద్రము, 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము వెలసెను. తిరుపతికి పంపనొల్లని తల్లిదండ్రులు కర్నూలునకు కుమార్తెలను పంపుటకు సమ్మతింతురు. ఈ ఒక్క మార్పే నా దృష్టిలో పెక్కు శాసనములకు సాటి.

విద్యాపీఠపు ఫలము పట్టభద్రులకే గాదు. 1906లో నెలకొన్న నంద్యాల వ్యవసాయక్షేత్రము తరువాతి కాలమున వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చేరెను. అచటి శాస్త్రజ్ఞులు యంత్రముతో కోయదగునట్లు నిటారుగా పెరుగు ధీర యను శనగరకమును తీసిరి. బడి మొగము చూడని రైతునకును అది ఉపకరించినది.

ఇక మన వంతు. సీటు దొరకిన బిడ్డకు కూడు, గూడు దొరకవలెను గదా! హైదరాబాదులో 1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు నెలకొల్పిన రెడ్డి వసతిగృహము వంటివి ఈ కొఱతను కొంత తీర్చెను. మన నిధితో మఱియొక కల్యాణమండపము కట్టవలెనని కొందఱు పోషకుల కోరిక. పెండ్లిండ్లకు మండపములు అద్దెకు దొరకును. కర్నూలులో చదువుకొను బాలికకు నమ్మకమైన గది దొరకుట కష్టము. కావున ఆ ధనముతో బాలికల వసతిగృహమునే కట్టవలెననియు, అందు మూడవవంతు గదులు ఇతర కులముల బీదబాలికలకు విడువవలెననియు నా మనవి. ఆక్షేపణ గలవారు మహాసభలోనే లేచి చెప్పుదురుగాక.