లష్కర్ ఆమదొరఫ్త్

మా ఇంట్లో సికింద్రాబాద్‌ను ఎవరూ సికింద్రాబాద్ అనరు. లష్కర్ అంటారు. "లష్కర్ పోయొస్త" అంటే ఏ ఆటోవాలాకైనా సమజైతది. లష్కర్ అంటే ఫౌజు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాక, కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్ అవతలి ఒడ్డున డేరాలు వేశాయి. 1806లో ఆ చోటికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. సర్కారీ కాగితాల్లో ఆ పేరే ఉంది. జనం నోట్లో మాత్రం లష్కరే మిగిలింది. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి గుడి దగ్గర జరిగేవి కూడా లష్కర్ బోనాలే.

ఆ గుడి కథలోనూ ఒక తబాదలా ఉంది. 1813లో ఇక్కడి పటాలం ఉజ్జయినికి మారింది. పటాలంతో పాటు డోలీ మోసే సురిటి అప్పయ్య కూడా వెళ్ళాడు. నగరంలో కలరా ప్రబలిందని అక్కడ ఆయనకు తెలిసింది. తన వాళ్ళు బతికితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని ఉజ్జయిని మహంకాళికి మొక్కుకున్నాడట. తిరిగొచ్చి 1815లో మొక్కు తీర్చాడని గుడి వాళ్ళు చెప్తారు. ఆ పటాలానికి అప్పుడు కమాండర్ ఎవరో నగరంలో ఎవరికీ యాద్ లేదు. డోలీ మోసినాయన పేరు మాత్రం రెండు వందల ఏళ్ళుగా నిలిచింది.

నేను జర్నలిజంలోకి కొత్తగా వచ్చినప్పుడు డెస్కులో ఎవరూ ముట్టని పనొకటి నాకు అప్పగించారు. కంటోన్మెంట్ నుంచి వచ్చే ప్రెస్‌నోట్లను తెలుగు చేయడం. ఫలానా కమాండెంట్ చార్జి తీసుకున్నారు, ఫలానా సాబ్ తబాదలా అయ్యి వెళ్ళారు, హాకీలో ఫలానా కంపెనీ గెలిచింది, బడా ఖానా జరిగింది. అంతే, సింగిల్ కాలం. ఆఖరు నిమిషంలో యాడ్ వస్తే ముందు లేచిపోయేది అదే. ఉర్దూలో దీన్నే ఆమదొరఫ్త్ అంటాం, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు. ఈ రకం ఖబర్లకు ఉమర్ చాలానే ఉంది. ఫౌజు తన సిపాయిల కోసం 1909లోనే 'ఫౌజీ అఖ్బార్' మొదలుపెట్టింది. 1954లో దాని పేరు 'సైనిక్ సమాచార్' అయింది.

ఆ నోట్లు తర్జుమా చేసేటప్పుడు నాకు బోర్ కొట్టేది. మజా అంతా పదాల్లోనే ఉండేది. నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదివిన పదాలన్నీ బ్యారక్‌లో వర్దీ తొడుక్కుని తిరుగుతుంటాయి. హవల్దార్, సుబేదార్, జవాన్. కొత్తగా చేరిన కుర్రవాడు రంగ్రూట్. వాడికి తాలీం ఇచ్చేవాడు ఉస్తాద్. వంట జరిగేది లంగర్. తాలీం పూర్తయ్యాక వతన్ మీద ప్రమాణం చేసే రోజు కసమ్ పరేడ్. అఫ్సర్లు, జవాన్లు ఒకే చోట కూర్చుని తినేది బడా ఖానా. మా పిల్లలు ఇప్పుడు స్కూల్లో నేర్వని జబాన్, తిరుమలగిరి గోడల వెనక రోజూ మోగుతూనే ఉంది.

ఆ గోడల వెనకే ఈఎంఈ సెంటర్ ఉంది. ఫౌజు బండ్లు, తోపులు, యంత్రాలు బాగుచేసే మెకానిక్‌లను తయారుచేసే చోటు. ఇలాంటి ట్రైనింగ్ సెంటర్‌లో ఎవరూ ఎక్కువ కాలం ఉండరు. రంగ్రూట్ తాలీం ముగించుకుని యూనిట్‌కు పోతాడు. కమాండెంట్ రెండు మూడేళ్ళకు ఇంకో ఊరికి పోతాడు. ఉస్తాద్‌కు కూడా పోస్టింగ్ వస్తుంది. ఒకరి ముఖం ఒకరికి అలవాటయ్యేసరికి విడిపోవాలి. వేర్వేరు జిల్లాల నుంచి, వేర్వేరు జబాన్‌ల నుంచి వచ్చిన కుర్రవాళ్ళను కొద్ది నెలల్లో ఒక జట్టు చేయాలంటే సెంటర్ చేతిలో ఉన్నవి పరేడ్, తిండి, ఆట. అందుకే ఆ ప్రెస్‌నోట్లలో సగం ఆటల ఖబర్లే ఉంటాయి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా సమజైంది.

1951లో ఈ సెంటర్‌కు ఒక రంగ్రూట్ వచ్చాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ముజఫ్ఫర్‌గఢ్ దగ్గరి గోవింద్‌పురా గ్రామం అతనిది. 1947 తక్సీంలో తల్లినీ తండ్రినీ తోబుట్టువులనూ చంపేశారు. ఢిల్లీ శరణార్థి క్యాంపుల్లో బతికాడు. టికెట్ లేకుండా రైలెక్కి తీహార్ జైలుకెళ్తే, అక్క తన నగలమ్మి విడిపించింది. ఫౌజు భర్తీలో మూడుసార్లు వెనక్కి పంపేశారు. నాలుగోసారి తీసుకున్నారు. పేరు మిల్ఖా సింగ్.

రంగ్రూట్లందరికీ తప్పనిసరి క్రాస్‌కంట్రీ పరుగు పెడితే ఆరో స్థానంలో వచ్చాడు. ముందు వచ్చినవాళ్ళను ఏరి ప్రత్యేక తాలీం మొదలుపెట్టారు. పరుగెత్తేవాడికి ఫెటీగ్ డ్యూటీ మాఫ్, పాలు ఎక్కువ. ఆకలి తెలిసిన కుర్రవాడికి ఆ పాలే పెద్ద ఇనాం. నాలుగు వందల మీటర్లంటే ఎంత దూరమో అప్పటికి అతనికి తెలియదు. చూపించి పరుగెత్తించినవాడు హవల్దార్ గురుదేవ్ సింగ్. అఫ్సర్ కాదు, ఒక ఉస్తాద్.

2013లో 'భాగ్ మిల్ఖా భాగ్' సినిమా వచ్చినప్పుడు మేం కుటుంబమంతా వెళ్ళాం. తక్సీం సీన్ వచ్చింది. గుర్రాల మీద వచ్చి చంపేవాళ్ళ పేర్లు మా పేర్లలాంటివే. పక్క సీట్లవాళ్ళు ఎవరూ మావైపు చూడలేదు, అయినా అందరూ మమ్మల్నే చూస్తున్నట్టు అనిపించింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అబ్బా, వాళ్ళు మనవాళ్ళా?" అని మెల్లగా అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి ఇంటికొచ్చి తారీఖులు ముందేసుకుని కూర్చున్నాను.

ఆ కుర్రవాడు లష్కర్‌లో రైలు దిగింది 1951లో. హైదరాబాద్ మీదికి భారత సైన్యం వచ్చింది 1948 సెప్టెంబర్ 13న. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. దానికి ముందు రజాకార్ల జులుం జరిగింది, అది మేం దాచకూడదు. తర్వాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద కత్ల్ జరిగింది, అదీ దాచకూడదు. నెహ్రూ సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ మృతులను 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ రిపోర్టును ఎన్నో ఏళ్ళు బయట పెట్టలేదు. నిజాం ఫౌజులో, పోలీసులో పనిచేసిన వేలమంది నౌకరీలు పోయాయి.

అంటే ముస్లిం గుంపుల చేతిలో కన్నవాళ్ళను పోగొట్టుకున్న సిక్కు కుర్రవాడు, మూడేళ్ళ కిందటే తమవాళ్ళను పోగొట్టుకున్న ముస్లింల నగరంలో పరుగు నేర్చుకున్నాడు. గోడకు అటు ఒక మాతం, ఇటు ఒక మాతం. ఏ ప్రెస్‌నోట్లోనూ ఇది రాదు. మా అమ్మాయి సవాలుకు నా జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. చంపినవాళ్ళ పేర్లు అన్ని మజహబుల్లో ఉన్నాయి. వాళ్ళ పేర్లు మోసుకు తిరగడం కాదు, చనిపోయినవాళ్ళను రెండువైపులా లెక్కపెట్టడం మన పని.

అదే రోజుల్లో లష్కర్ నుంచి ఒక కుర్రవాడు ఉల్టా దారిలో వెళ్ళాడు. పీటర్ తంగరాజ్. సికింద్రాబాద్ మైదానాల్లో ఫుట్‌బాల్ ఆడి, 1953లో ఫౌజులో చేరి, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు పోయాడు. పోయింది సెంటర్ ఫార్వర్డ్‌గా. ఆరడుగులు దాటిన ఆ మనిషి అక్కడ గోల్‌కీపర్ అయ్యాడు. ఆ ట్రైనింగ్ సెంటర్ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచింది. ఇటు నగరంలో స్కూలు టీచరైన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తాలీంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ తెచ్చింది. పోలీస్ యాక్షన్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న నగరంలో ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు ఒకే జెర్సీలో ఆడారు.

ఇక 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ చూడండి. ఒకే భారత బృందంలో లష్కర్ బ్యారక్‌లో పరుగు నేర్చిన మిల్ఖా, లష్కర్ కుర్రవాడు తంగరాజ్, హైదరాబాదీ కోచ్ రహీం సాబ్. మిల్ఖా మొదటి రౌండ్లోనే ఇంటిదారి పట్టాడు. ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో మళ్ళీ ముగ్గురూ ఉన్నారు. ఈసారి నాలుగో స్థానం మిల్ఖాది, 400 మీటర్లలో. 1962 జకార్తాలో రహీం సాబ్ జట్టు ఆసియా క్రీడల బంగారం గెలిచిన ఫైనల్లో గోల్ దగ్గర నిలబడింది తంగరాజే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం సాబ్ మరుసటి జూన్‌లో ఇంతెఖాల్ అయ్యారు.

మెల్‌బోర్న్‌లో, రోమ్‌లో ఇంకో ఫౌజీ కూడా పరుగెత్తాడు, సరిహద్దు అవతలి చొక్కాతో. చక్వాల్ దగ్గరి గ్రామం నుంచి వచ్చిన అబ్దుల్ ఖాలిక్. ఇతనూ ఫౌజు తయారుచేసిన ఆటగాడే. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో వంద మీటర్లు ఖాలిక్ గెలిచాడు. రెండు వందల మీటర్లలో మిల్ఖా 21.6 సెకన్లు, ఖాలిక్ 21.7. 1960లో లాహోర్ పరుగుకు పిలుపొస్తే, తన వాళ్ళ నెత్తురు పడ్డ నేల మీదికి పోవడానికి మిల్ఖా మనసు ఒప్పుకోలేదు. నెహ్రూ నచ్చజెప్పాక పోయాడు, గెలిచాడు. 'ఫ్లయింగ్ సిఖ్' అన్న ఖితాబు అక్కడే అయూబ్ ఖాన్ నోట వచ్చింది. ఇంతవరకు అందరికీ తెలుసు. ఖాలిక్ సంగతి తక్కువమందికి తెలుసు. 1971 జంగ్‌లో అతను భారత్‌కు ఖైదీగా చిక్కాడు. ఆసియాలో అందరికంటే వేగంగా పరుగెత్తిన మనిషి కంచె వెనక రోజులు లెక్కపెట్టుకున్నాడు. 1988లో పోయాడు. మిల్ఖా 2021లో పోయాడు.

టోక్యో గెలుపు తర్వాత మిల్ఖాను సిపాయి నుంచి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ చేశారు. తర్వాత అతను ఫౌజు వదిలి పంజాబ్ క్రీడల శాఖకు వెళ్ళాడు. తంగరాజ్ కప్తాన్‌గా సర్వీసెస్‌కు సంతోష్ ట్రోఫీ తెచ్చిపెట్టి, కలకత్తా క్లబ్బులకు వెళ్ళాడు. లష్కర్ రివాజు ఇదే. ఎవరూ ఉండిపోరు.

ఇప్పటికీ అప్పుడప్పుడు నా మెయిల్‌కు కంటోన్మెంట్ ప్రెస్‌నోట్ వస్తుంది. చార్జి తీసుకున్న సాబ్ పేరు, బిరుదులు మొదటి పేరాలోనే ఉంటాయి. నేను ముందు ఆఖరి పేరా చూస్తాను. ఆటల ఫలితాల కింద, గెలిచిన రంగ్రూట్ పక్కన, అతణ్ణి పరుగెత్తించిన ఉస్తాద్ పేరు ఉందేమోనని. ఉంటే అది మాత్రం కోయకుండా వేయమని డెస్కులోని కొత్త పిల్లలకు చెప్తాను.