రాతి సింహం పుట్టిల్లు

కృష్ణాతీరపు బౌద్ధ శిల్పాల్లోని సింహాన్ని ‘పాలరాతి సింహం’ అనడం మనకు అలవాటైపోయింది. ఈ అలవాటు దొరల నాటిది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలకు ‘ఎలియట్ మార్బుల్స్’ అని పేరుపడింది. నిజానికి అది పల్నాటి సున్నపురాయి. ఆమ్లం చుక్క వేస్తే రెండూ పొంగుతాయి కనుక ఆ పరీక్ష ఒక్కటే చాలదు. పాలరాయి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారిన రాయి, విరిచిన చోట పలుకులు మెరుస్తాయి. పల్నాటి రాయి నున్నగా, లేత ఆకుపచ్చ ఛాయతో, పొరలుపొరలుగా ఉంటుంది.

దొరికిన చోటే పుట్టిన చోటనుకోవడం మరో పొరపాటు. 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి అమరావతి శిల్పాలు కొన్నిటిని బందరు చేర్చాడు. తర్వాత అవి మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. బందరులో నిలిచినంత మాత్రాన అవి బందరువి కావు.

గుడివాడ, ఒకప్పటి దివి తాలూకాలోని ఘంటసాల స్తూపాలు వెలసినది ఒండ్రునేల మీద. అక్కడ రాతిగని లేదు. శిల్పాలకు రాయి నదిమీద పడవల్లో దిగివచ్చి ఉండాలని నా అభిప్రాయం. ఘంటసాల శాసనంలో మహానావికుడు శివకుని పేరుంది. రాయి పెకలించినవాడి పేరు, రేవులో మోసినవాడి పేరు ఏ శాసనమూ ఎక్కించలేదు. రాయిని దాని అసలు పేరుతో పిలిస్తేనే ఆ గని, ఆ పడవ, ఆ కూలీ మన చరిత్రలోకి వస్తారు. మన పాఠాల్లో ఆ దిద్దుబాటు జరగాలి.