లైన్లో నా నంబరెంత?

పోయిన ఆదివారం బాబాయ్ ఫోన్ చేసాడు. కుశలప్రశ్నలు అయ్యాక "ఏరా, నీ కెనడా సంగతి ఎంతవరకూ వచ్చింది? నంబరెంత?" అన్నాడు.

"441 బాబాయ్."

"అది స్కోరు కదరా. లైన్లో నీ నంబరెంత అని."

"లైను లేదు బాబాయ్."

"లైనే లేకపోతే మరి ఎక్కడ నిలబడ్డావురా?"

నాకు నోట మాట రాలేదు. ఆయన వెటకారానికి అడగలేదు. 2006లో ఆయన కూడా ఇదే కెనడాకి, ఇదే స్కిల్డ్ వర్కర్ దారిలో అప్లై చేసాడు. ఆయనకి లైను ఉండేది. అది ఏమైపోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. చరిత్ర అని భయపడకండి, మనకి తెలిసిన లాజిక్కే.

1908లో కెనడా ఒక రూలు పెట్టింది. వలస వచ్చేవాడు పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో రావాలి, టికెట్ అక్కడే కొనుండాలి. ఇందులో ఇండియా అన్న మాట ఎక్కడా లేదు. మనమూ అప్పుడు బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలమే కాబట్టి మొహం మీద రావద్దనడానికి మొహమాటం. కానీ ఇండియా నుంచి కెనడాకి అలా నేరుగా వచ్చే ఓడే లేదు. ఎప్పటికీ ట్రూ అవ్వని ఇఫ్ కండిషన్ అన్నమాట. 1914లో 376 మందితో కొమగట మారు అనే ఓడ వాంకోవర్ చేరితే, రెండు నెలలు నీళ్ళలోనే ఆపి, ఓ ఇరవై పైచిలుకు మందిని మాత్రం దిగనిచ్చి మిగతావాళ్ళని వెనక్కి పంపేసారు. తిరిగొచ్చాక కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో పోలీసు కాల్పుల్లో కొందరు చచ్చిపోయారు. దీనికి కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో.

1951లో ఇండియాకి ఏడాదికి 150 మంది అని కోటా ఇచ్చారు, 1957లో దాన్ని 300 చేసారు. 1962లో జాతిని బట్టి ఆపే రూల్స్ చాలావరకూ తీసేసారు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చింది. చదువు, వయసు, భాష, పని ఇలా నూటికి లెక్కేసి 50 వస్తే అర్హుడివి. ఏ దేశంవాడివని కాదు, నీకేం వచ్చు అని అడగడం అప్పుడు మొదలైంది. మన ఎంసెట్ బుర్రలకి ఇంతకంటే నచ్చే పద్ధతి ఉంటుందా?

2002లో కొత్త చట్టం వచ్చింది. మొదట పాస్ మార్కు 75, 2003లో 67కి తగ్గించారు. బాబాయ్ అప్లై చేసింది దీని కిందే. 21 నుంచి 49 ఏళ్ళ మధ్య ఎవరికైనా వయసుకి పదికి పది పాయింట్లు. ఫీజు తనకి 550 డాలర్లు, పిన్నికి 550. మొత్తం అప్పట్లో నలభై వేలు దాటింది. ఫైలు నంబరు వచ్చింది, ఆ కాగితం దేవుడి గదిలో పెట్టుకున్నారు.

ఇక్కడే డిజైన్ లోపం ఉంది. 67 వచ్చిన ప్రతివాడూ అప్లై చేయొచ్చు, అంటే లోపలికి వచ్చేదానికి హద్దు లేదు. బయటికి పోయేదానికి మాత్రం ఏటా టార్గెట్ ఉంది. వచ్చిన ప్రతి ఫైలునీ చూసి ఏదో ఒకటి తేల్చాల్సిందే. ఇలాంటి క్యూ ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2008కి అందులో ఉన్నవాళ్ళు కుటుంబాలతో కలిపి ఆరు లక్షలు దాటారు.

అప్పుడు చట్టం మార్చారు. 2008 ఫిబ్రవరి 27 నుంచి వచ్చిన దరఖాస్తుల్లో ఏవి ముందు చూడాలో మంత్రి చెప్తాడు. ఆ నవంబర్లో 38 ఉద్యోగాల జాబితా ఇచ్చారు. 2010లో అది 29 అయింది, ఏడాదికి 20 వేల దరఖాస్తులే అని పరిమితి కూడా వచ్చింది. వెనకొచ్చినవాళ్ళ ఫైళ్ళు ముందు కదిలాయి. బాబాయ్ మాటల్లో చెప్పాలంటే, సినిమా హాల్లో పొద్దున్నుంచీ లైన్లో ఉన్నవాళ్ళని అలాగే ఉంచి పక్కన ఇంకో కౌంటర్ తెరిచారు.

ఆ ఆరేళ్ళూ ఆయన హైదరాబాద్‌లో ఫ్లాటు కొనలేదు. రేపో మాపో పిలుస్తారు, ఎందుకు అనేవాడు. ఆన్‌సైట్ వస్తే వద్దన్నాడు, ఎక్కడ ఫైలుకి అడ్డొస్తుందోనని. చెల్లిని బళ్ళో వేసేటప్పుడు కూడా "ఒక్క ఏడాదికే కదా" అని ఇంటి పక్క బడిలో వేసారు. అది అక్కడే అయిదో తరగతి దాకా చదివింది.

2012లో, అప్పటి మంత్రి జేసన్ కెన్నీ హయాంలో, ఆ క్యూనే తీసేసారు. 2008 ఫిబ్రవరి 27కి ముందు అప్లై చేసి, 2012 మార్చి 29 లోపు ఎంపిక నిర్ణయం రాని ఫైళ్ళన్నీ చట్టం ద్వారా రద్దు. దాదాపు 2 లక్షల 80 వేల మంది. అర్హత లేదని కాదు, అసలు చూడనే లేదు. ఫీజు తిరిగిస్తాం, వడ్డీ ఇవ్వం, పరిహారం అడిగే హక్కు లేదు అని ఆ చట్టంలోనే రాసారు. కొంతమంది కోర్టుకెళ్ళారు. 2013లో ఓడిపోయారు, 2014లో అప్పీల్లోనూ అంతే. బాబాయ్ కోర్టు దాకా పోలేదు. ఈలోపు రూపాయి పడిపోయిన పుణ్యాన కట్టినదానికంటే కాస్త ఎక్కువే చేతికొచ్చింది. ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నారు. పిన్ని ఇప్పటికీ దాన్ని కెనడా ఫ్రిజ్ అంటుంది.

2015 జనవరి 1న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మొదలైంది. ఇది ముందొచ్చినవాడికి ముందు కాదు, ప్రయారిటీ క్యూ. ప్రొఫైల్ పెడితే 1200కి స్కోరు వేసి పూల్‌లో పడేస్తారు. ఎప్పటికప్పుడు డ్రా తీసి పైనున్నవాళ్ళని పిలుస్తారు. పిలుపొచ్చినవాళ్ళకి చాలావరకు ఆరు నెలల్లో తేల్చేయాలన్నది లక్ష్యం. రానివాళ్ళకి కాదు అని ఎవరూ చెప్పరు. పన్నెండు నెలలకి ప్రొఫైల్ ఎక్స్‌పైర్ అవుతుంది, కావాలంటే మళ్ళీ పెట్టుకోవచ్చు. నాది రెండోసారి.

బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినప్పుడు గాల్విన్ పుస్తకంలో ఒక పిట్టకథ ఉండేది, గుర్తుందా? 1973లో ఎంఐటీలో ఒక ఐబీఎం 7094 మెషీన్ని ఆపేస్తుంటే, 1967లో ఇచ్చిన ఒక తక్కువ ప్రయారిటీ ప్రాసెస్ అప్పటికీ రన్ అవ్వకుండా కూర్చుని ఉందట. పుకారు అనే రాసారు లెండి. ఆరేళ్ళు, సరిగ్గా బాబాయ్ లెక్కే! దీన్ని స్టార్వేషన్ అంటారు, దీనికి మందు ఏజింగ్ అని ఇంటర్నల్స్‌లో రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాం. అంటే ఎంతసేపు వెయిట్ చేస్తే అంత ప్రయారిటీ పెంచుకుంటూ పోవాలి.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోనూ ఏజింగ్ ఉంది, కాకపోతే తిరగేసి పెట్టారు. పెళ్ళికానివాడికి 29 దాకా వయసుకి 110 పాయింట్లు. ముప్పై నిండితే 105, తర్వాత ఏటా అయిదో ఆరో పోతూ, కొన్నేళ్ళు పోయాక ఇంకా వేగంగా కరిగి, 45కి సున్నా. ఎంత ఆగితే అంత కిందికి జారతాం. 2020 డిసెంబర్ నుంచి 2022 జూలై దాకా బయటి దేశాల్లోని స్కిల్డ్ వర్కర్లకి డ్రాలే తీయలేదు. అదే సమయంలో, 2021 ఫిబ్రవరిలో, కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళని 75 స్కోరుకే 27,332 మందిని పిలిచారు. కోవిడ్ రోజులు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. కానీ ఆ ఏడాదిన్నరలో ముప్పై దాటినవాళ్ళ పాయింట్లు మాత్రం ఎవరూ ఆపలేదు.

ఎవర్ని రానివ్వాలో కెనడా ఇష్టం, అది నాకు రావాల్సిన బాకీ కాదు. కొత్త పద్ధతిలో ఆరు నెలల్లో వెళ్ళిపోయిన ఫ్రెండ్స్ నాకే ఉన్నారు. బాబాయ్ ఆరేళ్ళతో పోలిస్తే అది మంచిదే కదా అంటారు. పిలిచినవాళ్ళకి మంచిదే. నా బాధల్లా ఎదురుచూపు తగ్గిందనడం మీద. తగ్గలేదు, లెక్కలోంచి పోయింది. అప్పుడు ఆరు లక్షల మంది పేరుకుపోయారంటే పార్లమెంటులో గొడవ జరిగింది, ఎందుకంటే అవి దరఖాస్తులు. ఇప్పుడు పూల్‌లో ఉన్న నేను దరఖాస్తుదారుణ్ణే కాదు. నేను ఎన్నేళ్ళు ఆగినా అది ఎవరికీ బ్యాక్‌లాగ్ కాదు, ఎవరూ నా ఫైలు రద్దు చెయ్యక్కర్లేదు. 1908 రూలుకీ దీనికీ పోలిక అన్యాయమే, ఇప్పుడు జాతి అడగట్లేదు. కానీ కాదు అని పైకి అనకుండా పని కానిచ్చుకోవడం మాత్రం అప్పటి విద్యే.

2024లో జరిగిన జనరల్ డ్రాలన్నీ 520 పైనే ఆగాయి. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళని అదే ఏడాది ఫిబ్రవరిలో 400 లోపు స్కోరుకే పిలిచారు. అందుకే నేనూ పొద్దున్న ఆరింటికి ఫ్రెంచ్ క్లాసులో కూర్చుంటున్నా. బ్యాచ్‌లో సగం మంది మనవాళ్ళే.

వచ్చే నెల నాకు ముప్పై నిండుతాయి. కేకు కోసేసరికి 441 కాస్తా 436 అవుతుంది. ఇదంతా బాబాయ్‌కి ఓపిగ్గా చెప్పాను. అంతా విని, "సరేగానీ, ఆ ఫ్లాటు సంగతి ఏం చేసావురా?" అన్నాడు.

చూస్తున్నా బాబాయ్ అన్నాను. నిజానికి మొన్న ఏజెంట్ ఫోన్ చేస్తే, ఒక ఏడాది ఆగి చెప్తానన్నాను.