రెండు ప్రాణముల బండి

హైబ్రిడు అను మాట మన రైతులకు క్రొత్తది కాదు. రెండు వంగడముల గుణములను ఒక్క విత్తనమందు కూర్చుటయే దాని భావము. ఇప్పుడా మాట చేను విడిచి కారునెక్కినది. పెట్రోలు యంత్రమును, విద్యుత్తు మోటారును ఒక్క బండిలో కూర్చినచో అది హైబ్రిడు కారు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా పెద్దవాడు, కొన్నచో దానినే కొనవలెనని పట్టుపట్టెను. ధాన్యమమ్మి దాచిన సొమ్ము గనుక నేను తొందరపడక, ముందు ఆ బండి చరిత్రను విచారించితిని.

ఇది నిన్న పుట్టిన వింత కాదు. 1900 సంవత్సరమున వియన్నాలోని లోనర్ అను బండ్ల కర్మశాలయందు, ఫెర్డినాండు పోర్షె అను యువకుడు ఇట్టి బండిని నిర్మించెను. పెట్రోలు యంత్రము విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు చక్రములలోని మోటార్లను త్రిప్పును. "ఎల్లప్పుడు సజీవము" అని లాటినులో దానికి పేరు. పేరు గొప్పదే గాని బరువును, ధరయు మిక్కుటములు. 1917లో అమెరికాలోని చికాగోలో వుడ్స్ కంపెనీవారు ఇట్టి కారునే 2,650 డాలర్లకు అమ్మజూపిరి. ఆ యేట ఫోర్డువారి "టి" కారు 400 డాలర్లకు లోపుగనే దొరకెడిది. పెట్రోలు చౌక; 1912లో విద్యుత్ స్టార్టరు వచ్చినది మొదలు చేతితో యంత్రమును త్రిప్పు శ్రమయు తగ్గజొచ్చెను. ఇక రెండు యంత్రములకు డబ్బు పోయువారెవ్వరు? ఆ బండి లెక్కలో ఓడిపోయెను.

1973లో అరబ్బు దేశములు చమురును బిగబట్టగా చౌకకాలము ముగిసెను. 1997 డిసెంబరులో జపానులో టొయోటావారి ప్రియస్ వెలువడెను. బ్రేకు వేసినపుడు వేడియై పోవు శక్తిలో కొంత పట్టి, ఇది బ్యాటరీలో దాచుకొనును. రద్దీలో పెట్రోలు యంత్రము నాపి మోటారుతో నడచును. కావున ఆగి ఆగి సాగు పట్టణపు వీథులలో ఆదా మెండు. అడ్డులేని రహదారిపై అది తగ్గును. 2022లో మన దేశమున వెలువడిన మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడునకు లీటరుకు 27.97 కిలోమీటర్లని ప్రకటించిరి. అది పరీక్షలో తేలిన లెక్క. మన త్రోవల లెక్క వేరు.

ఇక నా యింటి లెక్క. నా భార్యను వైద్యమునకై తరచు పట్టణమునకు గొనిపోవలెను. అన్నియు కలిపి ఏటికి 12,000 కిలోమీటర్లు. మామూలు కారు లీటరుకు 16, హైబ్రిడు 24 నడచునని తలచితిని. ఏటికి 250 లీటర్లు మిగులును. లీటరు 110 రూపాయల వంతున 27,500 రూపాయలు. నాకు చెప్పిన అధికధర 3 లక్షలు. అది తీరుటకు దాదాపు 11 ఏండ్లు పట్టును. బ్యాటరీకి వారిచ్చు పూచీ 8 ఏండ్లే. నా వయస్సు 71.

మా వీథిలో ఒక చిన్నవాడు పట్టణమున టాక్సీ నడపును. ఏటికి 40,000 కిలోమీటర్లు తిరుగు వానికి ఆ 3 లక్షలు మూడున్నర యేండ్లలోనే తిరిగివచ్చును. కారొక్కటే, కొనువాని త్రోవను బట్టి లెక్క మారినది. వానిని కొనుమంటిని. నేను మామూలు కారు కొని, మిగిలిన సొమ్మును ఇంటిదాని మందులకై బ్యాంకిలో వేసితిని.

మావాడు నా లెక్కను రెండు మార్లు చదివి, మారుమాటాడక కాగితమును మడచి జేబులో పెట్టుకొనెను. మీ పిల్లలు అడిగినపుడు మీరును అట్టి కాగితము నొకదానిని ముందు వ్రాయుడు.